బండి ముచ్చట: కాగుతున్న ఇంజిన్, కదలని జాబ్ కార్డు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ పని నాది. దుగ్గొండి, నల్లబెల్లి, చెన్నారావుపేట ఊళ్లన్నీ తిరగాలి. వారానికి రెండుసార్లు హన్మకొండ ఆఫీసుకు రావాలి. 19 నెలల కిందట 200 సీసీ లిక్విడ్ కూల్డ్ బండి కొన్నాను. మొన్న ఫిబ్రవరి నుంచి హన్మకొండ చౌరస్తాకు వచ్చేసరికి మీటర్‌లో ఎర్ర లైటు వెలుగుతోంది, సెగ మోకాళ్లకు కొడుతోంది. నర్సంపేట రోడ్డు మీద 60, 70 స్పీడులో పోయేటప్పుడు మాత్రం ఏమీ ఉండదు. షోరూమ్‌లో ఇస్తే 26 రోజులు పెట్టుకున్నారు. పార్టు రాలేదన్నారు, మనిషి లీవులో ఉన్నాడన్నారు, కంపెనీ నుంచి అప్రూవల్ రావాలన్నారు. చివరికి రేడియేటర్ మార్చామని చెప్పి ఇచ్చారు. నాలుగో రోజే హన్మకొండ అదాలత్ సెంటర్ దగ్గర మళ్లీ అదే లైటు. మళ్లీ ఇస్తే ఎన్ని రోజులు ఉంచుకుంటారోనని టెన్షన్. బయట చూపిస్తే వారంటీ పోతుందంటున్నారు. ఆ 26 రోజుల్లో ఆటోలకు, మా బావ బండిలో పెట్రోలుకు కలిపి 7,400 రూపాయలు అయ్యాయి. బండి లేకపోతే నాకు పని లేదు. ఏం చేయమంటారు?
(ఒక పాఠకుడు, నర్సంపేట)

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జబ్బేమిటో అందులో మీరే రాశారు. "60, 70లో పోయేటప్పుడు ఏమీ ఉండదు, చౌరస్తాలో ఆగితే లైటు వెలుగుతుంది." ఈ ఒక్క ముక్క జాబ్ కార్డు (బండి ఇచ్చేటప్పుడు షోరూమ్‌లో రాసుకునే పని కాగితం) మీదికి ఎక్కి ఉంటే మీ బండి 26 రోజులు అక్కడ నిలబడేది కాదని నా నమ్మకం.

ఎందుకో చెబుతాను. బండి పరుగెత్తుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పని పడదు. చౌరస్తాలో సిగ్నల్ పడి నిలబడ్డామంటే ఎదురుగాలి ఉండదు. అప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కాబట్టి ఆగితే కాగి, పోతే చల్లబడే బండిలో ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ను, దాని వైరును, ఫ్యూజును, రిలేను (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్), ఫ్యాన్‌ను తిరగమని చెప్పే టెంపరేచర్ సెన్సర్‌ను. అదే బండి హైవే మీద 80లో పోతున్నప్పుడు కాగితే దారి వేరు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిందా, రేడియేటర్ లోపల పూడుకుపోయిందా, వాటర్ పంప్ తిప్పుతోందా అని చూస్తాం. పొద్దున చల్లగా స్టార్ట్ చేసిన మూడు నాలుగు నిమిషాలకే ఎర్ర లైటు వస్తే రేడియేటర్‌కు కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదని గానీ, కూలెంట్ దారిలో గాలి బుడగ చిక్కుకుందని గానీ అనుకోవాలి. ఎప్పుడు కాగుతోందన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

మీకు రేడియేటర్ మార్చారు. అది చెడిపోయి ఉంటే హైవే మీద కూడా మీటర్ పైకి ఎక్కాలి కదా. ఎక్కలేదు. ఫ్యాన్‌ను ఎవరూ చూడలేదనే నాకు అనిపిస్తోంది.

మీరే ఒక పరీక్ష చేయండి. స్క్రూ ఒక్కటి కూడా విప్పనక్కర్లేదు. పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ ట్యాంకులో కూలెంట్ కింది గీతకు, పై గీతకు మధ్యన ఉందో లేదో చూడండి. ఉంటే బండిని నీడలో స్టాండ్ వేసి, స్టార్ట్ చేసి, అలాగే వదిలేయండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ముందు మీటర్ చూపించండి, తర్వాత కట్ చేయకుండా ఫోన్‌ను రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ దగ్గరికి తేండి, మళ్లీ మీటర్‌కు తేండి. ఎర్ర లైటు రాకముందే ఫ్యాన్ తిరగడం మొదలవ్వాలి. లైటు వచ్చినా ఫ్యాన్ కదలకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఆ వీడియో మీ చేతిలో ఉంటే "మాకు బాగానే కనబడుతోంది" అని ఎవరూ అనలేరు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. 2008లో యమహా ఆర్15, 2012లో కేటీఎం డ్యూక్ 200 వచ్చాకే మన వరంగల్ రోడ్ల మీద రేడియేటర్ బండ్లు ఎక్కువగా కనబడటం మొదలైంది. అంతకుముందు మేం నేర్చుకున్నదంతా గాలితో చల్లబడే ఇంజిన్ల మీదే. రెండేళ్ల కిందట ములుగు వైపు నుంచి ఒక బండి నా షెడ్డుకు వచ్చింది, అచ్చం మీ బండి లాంటి జబ్బే. ఫ్యాన్‌కు నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తే గిర్రున తిరిగింది. ఫ్యూజు మంచిదే, రిలే టిక్కుమంటోంది. కానీ కరెంటు ఫ్యాన్ దాకా రావడం లేదు. రేడియేటర్ వెనక చెయ్యి పెట్టి ఫ్యాన్ కప్లర్ (వైర్లు కలిసే ప్లాస్టిక్ జాయింటు) విప్పాను. రెండు పిన్నుల్లో ఒకటి మెరుస్తోంది. రెండో దాని మీద పాత రాగి చెంబు అడుగున పట్టినట్టు పచ్చటి చిలుము. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్నుతో ఎదురుగా కొట్టిన నీళ్లు ఆ కప్లర్‌లోకి దూరి, అక్కడే నిలిచిపోయాయి. సన్న గరుకు కాగితం చిన్న ముక్క మడిచి ఆ పిన్నును నాలుగుసార్లు రుద్ది, మళ్లీ బిగించాను. ఫ్యాన్ తిరిగింది. కొత్త పార్టు ఏదీ వేయలేదు. మీ బండిలోనూ ఇదే ఉంటుందని హామీ ఇవ్వలేను. ఇంత చిన్నది కూడా కావచ్చు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టాలని చెబుతున్నాను.

మీరు పొలాల్లో తిరిగే మనిషి. వానాకాలంలో రేగడి మట్టి రేడియేటర్ రెక్కల మధ్య దూరి, ఎండాకాలానికి ఇటుకలా గట్టిపడుతుంది. దాన్ని ప్రెషర్ గన్నుతో కొట్టించకండి, ఆ రెక్కలు రేకు కన్నా పల్చన, వంగిపోయి గాలికి అడ్డం పడతాయి. ఇంజిన్ చల్లారాక పైపుతో మెల్లగా నీళ్లు వదిలి మట్టిని నానబెట్టండి, తర్వాత వెనక నుంచి ముందుకు కడగండి. మట్టి వచ్చిన దారినే పోతుంది.

దారిలో లైటు వెలిగితే బండిని నీడకు తీసి ఇంజిన్ ఆపండి. కొన్ని బండ్లలో కీ ఆన్‌లో ఉంచితే ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, తిరిగితే ఉంచండి. కాలుతున్న ఇంజిన్ మీద నీళ్లు గుమ్మరించవద్దు. రేడియేటర్ మూత జోలికి అసలే పోవద్దు. 2013 ఎండాకాలంలో తొందరపడి ఒక బండి మూత తిప్పాను. ఎగజిమ్మిన కూలెంట్‌తో మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం లేచిపోయింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒత్తిడి పట్టి ఉంచినప్పుడు ఆ హద్దు 120 దాటుతుంది. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, లోపలిదంతా ఒక్కసారిగా మరిగి పైకి తన్నుకొస్తుంది. అరగంట, అవసరమైతే ఇంకా ఎక్కువ సేపు ఆగండి. చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే మూత. కూలెంట్ తగ్గితే అత్యవసరంలో మంచినీళ్ల బాటిల్ పోసి ఇల్లు చేరవచ్చు, కానీ ఆ వారంలోనే కూలెంట్ మార్పించాలి. బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన బోరు నీళ్లకు బిందెల అడుగున తెల్లటి గార ఎలా కడుతుందో రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అలాగే కడుతుంది.

ఇప్పుడు షోరూమ్ సంగతి. ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

నా సొంత షెడ్డు పెట్టకముందు 9 ఏళ్లు ఒక సర్వీస్ సెంటర్‌లో ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా చేశాను. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా జాతరలా ఉంటుంది. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు మీరు చెప్పిన నాలుగు వాక్యాలు విని, కార్డు మీద "ఇంజిన్ హీట్" అని రెండు మాటలు రాస్తాడు. బండి లోపలికి వెళ్తుంది. రిపేరు చేసే మనిషి మీ ముఖం చూడడు, మీ మాట వినడు. అతని దగ్గర ఆ రెండు మాటలే ఉంటాయి. సెంటర్ వెనక ఖాళీ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి వస్తాడు. ఎదురుగాలికి బండి చల్లగానే ఉంటుంది. జబ్బు కనబడదు. బండి పక్కకు వెళ్తుంది. వారం తర్వాత మీరు గట్టిగా అడిగితే ఊహ మీద ఒక పార్టు రాస్తారు. వారంటీ పార్టు కాబట్టి ఫొటోలు, అప్రూవల్, ఆర్డర్, అన్నీ అక్కడి నుంచి మొదలవుతాయి. మీకు చెప్పిన 26 రోజుల్లో పార్టు కోసం నిజంగా ఆగింది ఎన్ని రోజులో ఆ ఆర్డర్ తేదీ చూస్తేనే తెలుస్తుంది. ఆ తేదీ అడిగే హక్కు మీకుంది.

మా నాన్న కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసేవారు. ఇంజిన్ షెడ్డుకు వస్తే ముందు లాగ్ బుక్ తెరిచేవాళ్లని చెప్పేవారు. ఏ సెక్షన్‌లో, ఎంత లోడు మీద, ఎక్కడ ఏ ఇబ్బంది వచ్చిందో డ్రైవర్ రాసిందే వాళ్లకు మొదటి ఆధారం. రైలింజిన్‌కు దక్కే ఆ మర్యాద మన బండికీ దక్కాలి. అది కౌంటర్‌లో దొరకకపోతే మనమే రాసి ఇవ్వాలి.

కాబట్టి ఈసారి ఇంటి దగ్గరే ఒక కాగితం రాసుకుని వెళ్లండి. ఇలా:

"నా బండి నడుస్తున్నప్పుడు వేడెక్కడం లేదు. ట్రాఫిక్‌లో ఆగిన ఐదారు నిమిషాలకు ఎర్ర లైటు వస్తోంది, ఆ సమయంలో ఫ్యాన్ తిరగడం లేదు (వీడియో పంపాను). ఇంతకుముందు ఫలానా నంబరు జాబ్ కార్డు మీద 26 రోజులు ఉంచుకుని రేడియేటర్ మార్చారు, సమస్య అలాగే ఉంది. ఫ్యాన్, కప్లర్, ఫ్యూజు, రిలే, సెన్సర్ పరీక్షించి, ఏం కనబడిందో రాసి ఇవ్వండి. పార్టు కావలసి వస్తే దాని పేరు, ఆర్డర్ పెట్టిన తేదీ, వచ్చే తేదీ తెలపండి."

(ఫ్యాన్ తిరగని మాట వీడియోలో కనబడితేనే రాయండి. తిరుగుతూ ఉండి కూడా లైటు వస్తే ఆ సంగతే రాయండి, అప్పుడు వెతికే చోటు మారుతుంది.) ఈ మాటలు జాబ్ కార్డులో కూడా ఎక్కేదాకా సంతకం పెట్టకండి. కార్డు కాపీ తీసుకోండి. కిలోమీటర్ల రీడింగ్, పెట్రోలు ఎంత ఉందో ఫొటో తీసుకోండి. అదే రోజు సాయంత్రం ఆ కాగితంలోని మాటలనే సర్వీస్ మేనేజర్‌కు, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒకే మెయిల్‌లో పంపండి. ఫోన్లో ఎంత మంచిగా మాట్లాడినా రేపు చూపించడానికి ఏమీ మిగలదు. ఇంకో మాట, మధ్యలో పాత కార్డు క్లోజ్ చేసి కొత్తది తెరుస్తామంటే ఒప్పుకోకండి. కొత్త కార్డు మీద బండి నిన్నగాక మొన్న వచ్చినట్టు కనబడుతుంది. ఇది నేను లోపల ఉండి చూసిన పని. అప్పట్లో అడ్డు చెప్పనందుకు ఇప్పటికీ బాధ ఉంది.

బయట మెకానిక్ మాట. మీ వారంటీ పుస్తకంలో ఏ పనులు బయట చేయిస్తే చెల్లదో రాసి ఉంటుంది, అది చదవండి. ఎవరికైనా చూపించడం, వీడియో తీయడం వల్ల నష్టం లేదు. వైరు కోయించడం, సీలు విప్పించడం, ఫ్యాన్‌కు సొంతంగా స్విచ్ పెట్టించడం మాత్రం వారంటీ ఉన్నన్నాళ్లూ చేయించకండి.

అప్పటికీ తిప్పుతూనే ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదు నంబరు రాసుకోండి. దానికీ కదలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు ఉండే చోట గానీ, పనిచేసే చోట గానీ కేసు వేయవచ్చు. డీలర్‌ను, తయారు చేసిన కంపెనీని ఇద్దరినీ చేర్చవచ్చు. వస్తువుకు మీరు చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. మూడు నెలల్లో, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువ పట్టవచ్చు, దానికి సిద్ధపడే వెళ్లండి. ఆ 7,400కు ఆటో చార్జీల లెక్క, పెట్రోలు రసీదులు, ఏ రోజు ఏ ఊరు వెళ్లారో మీ ఫీల్డ్ డైరీ, అన్నీ ఒక కవరులో పెట్టుకోండి. ఆ డబ్బు అడగడం తప్పు కాదు, అది మీ కష్టార్జితం.

ఒక్క విన్నపం. కౌంటర్‌లో ఉన్న కుర్రాడి మీద అరవకండి. పొద్దున్నే డజన్ల కొద్దీ బండ్లు రాసుకునే ఆ పిల్లవాడి చేతిలో పార్టు ఆర్డరూ లేదు, అప్రూవలూ లేదు. మేనేజర్ పేరు, మెయిల్ అడిగి తీసుకోండి.

ప్రశ్న: అన్నగారూ, నేను పరకాలలో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని. నా 110 సీసీ స్కూటీ మధ్యాహ్నం ఎండలో 15 కిలోమీటర్లు పోయాక ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఇరవై నిమిషాలు చెట్టు కింద నిలబడితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. షోరూమ్‌కు మూడుసార్లు తీసుకెళ్లాను. "ఏమీ లేదు మేడమ్, బాగానే ఉంది" అంటున్నారు. మీరైనా నమ్ముతారా?
(ఒక పాఠకురాలు, పరకాల)

జవాబు: నమ్ముతాను చెల్లెమ్మా. చల్లగా ఉన్న బండిలో ఈ జబ్బు కనబడదు, వాళ్లు చూసింది చల్లటి బండినే.

ఈసారి ఆగిన వెంటనే, చల్లారకముందే, ముందుగా పెట్రోలు ట్యాంకు మూత తెరిచి మళ్లీ మూయండి. తెరిచినప్పుడు "హుస్స్" అని గాలి లోపలికి పీల్చి, వెంటనే స్టార్ట్ అయితే మూతలో గాలి వెళ్లే రంధ్రం మూసుకుపోయినట్టు. పెట్రోలు తగ్గినకొద్దీ లోపలికి గాలి రావాలి, రాకపోతే పెట్రోలు ఇంజిన్ దాకా చేరదు. అది చిన్న పనే. మూత తెరిచినా స్టార్ట్ కాకపోతే ప్లగ్‌కు స్పార్క్ అందించే ఇగ్నిషన్ కాయిల్ గానీ, పికప్ కాయిల్ గానీ వేడికి లోపల తెగిపోయి, చల్లారాక మళ్లీ అతుక్కుంటుందేమో చూడాలి. బండి వేడిగా ఉన్నప్పుడే ప్లగ్ తీసి స్పార్క్ చూస్తే తేలుతుంది.

స్కూటీ ఇంజిన్ ప్లాస్టిక్ లోపల దాగి ఉంటుంది. దానికి ఎదురుగాలి తగలదు. ఇంజిన్‌తో పాటు తిరిగే మ్యాగ్నెట్ మీద ఉన్న చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి వెళ్లే జాలీకి దుమ్ము, పత్తి నూగు, పాలిథిన్ ముక్క అడ్డం పడిందేమో కూడా చూపించండి. పరకాల వైపు పత్తి సీజన్‌లో ఇది చాలా బండ్లలో చూశాను.

షోరూమ్‌కు పొద్దున కాకుండా మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. మెకానిక్‌ను మీ బండి మీద 15 కిలోమీటర్లు తిప్పి రమ్మని అడగండి. కుదరదంటే ఆ మాట జాబ్ కార్డు మీద రాయమనండి. రాయమన్నాక చాలాసార్లు కుదురుతుంది.

ప్రశ్న: నా బండికి 10డబ్ల్యూ-30 ఆయిల్ పోయాలని పుస్తకంలో ఉంది. ఎండాకాలం కదా, చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందని మా వీధి మెకానిక్ అంటున్నాడు. పోయించమంటారా?
(ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: పుస్తకంలో ఉన్నదే పోయించండి. మీ ఇంజిన్ సందులు, ఆయిల్ పంపు ఆ పల్చదనానికి తగ్గట్టే చేశారు. చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగం (హెడ్) దాకా ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. కొన్ని కంపెనీలు వేడి ప్రాంతాలకు వేరే గ్రేడు కూడా అదే పేజీలో ఇస్తాయి, ఉంటే అది వాడవచ్చు. క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉండే బండి అయితే డబ్బా మీద అలాంటి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే జాసో ఎంఏ (JASO MA) గానీ ఎంఏ2 (MA2) గానీ గుర్తు ఉందో లేదో చూడండి. ఆయిల్ తక్కువైతే ఏ గ్రేడు పోసినా ఇంజిన్ కాగుతుంది. ఆదివారం పొద్దున బండిని నిటారుగా నిలబెట్టి, లెవెల్ చూడండి. ఇంజిన్ పక్కన ఆయిల్ చూసే గాజు కిటికీ ఉంటే, అందులో ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనబడితే అందులో నీళ్లు కలిశాయి. ఆ రోజు బండి తీయకండి.